దేర్ అంటే ఎక్కడ

నేను ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పాను. ఇంగ్లీషు ఎప్పుడూ చెప్పలేదు. ఈ సంగతి ముందే రాసిపెట్టడం మంచిది. మా చర్చి సంఘంలో సగంమంది నన్ను ఇంగ్లీషు టీచరనే అనుకుంటారు. ఆ అనుకోవడం వల్లనే బతికున్న మనిషికి జ్ఞాపకార్థ కూడిక జరిగింది.

నా కాపురం తెనాలిలో. సభ్యత్వం మాత్రం బాపట్లలో, నేను బాప్తిస్మం పొందిన గుడిలోనే ఉండిపోయింది. ఆదివారం పొద్దున్నే రైలెక్కి వెళ్ళి, ఆరాధన అయ్యాక మధ్యాహ్నానికి తిరిగొస్తాను. మా పాస్టరును మేము అయ్యగారు అంటాం. ఒక ఆదివారం అప్పటి అయ్యగారు విదేశం నుంచి వచ్చిన ఉత్తరం నా చేతికిచ్చి, "టీచరుగారూ, కాస్త చదివిపెట్టండి" అన్నారు. చదివాను. జవాబు కూడా రాయమన్నారు. రాశాను. అవతలివాళ్ళు సంతోషించి ఒక పెట్టెడు క్రిస్మస్ కార్డులు పంపారు. ఆ రోజు నుంచి సముద్రం అవతలి ఉత్తరాలన్నీ నావే అయిపోయాయి. తరువాత ముగ్గురు అయ్యగార్లు మారారు, కాగితం పోయి ఈమెయిలు వచ్చింది, ఆ పని మాత్రం నా మెడ దిగలేదు.

నా ఇంగ్లీషు ఎలాగో నడిచిపోతుంది, ఒక్క దేర్ దగ్గర తప్ప.

దేర్ అంటే అక్కడ అని ఆరో తరగతిలో నేర్పారు. బాగానే ఉంది. తరువాతి పాఠంలో, బల్లమీద పుస్తకం ఉందనడానికి కూడా ముందు ఒక దేర్ పెట్టమన్నారు. "అక్కడ ఏముందండీ?" అని అడిగాను. "ఏమీ లేదు, ఊరికే పెట్టాలి, కూర్చో" అన్నారు మా సారు. ఊరికే పెట్టే మాటంటే నాకు ఆ రోజే భయం పట్టుకుంది. తెలుగులో ఉంది అంటే ఉంది, లేదు అంటే లేదు. ఎక్కడ అనేది అడిగినప్పుడు చెబుతాం. అందుకే మనవాళ్ళు ఇంగ్లీషులోకి దిగితే ఉన్నదానికీ లేనిదానికీ ఒక దేర్ తగిలిస్తారు. మా స్కూల్లో హెడ్మాస్టరు సెలవు పెడితే, ఆయన గదిలోనే నిలబడి, "సార్ ఈజ్ నాట్ దేర్" అనేవాళ్ళం. తరువాత ఆయన కాలం చేసినప్పుడు కూడా ఫోన్లో అదే అన్నాం. తెలుగులోనే "ఆయన లేరండి" అంటే బజారుకు వెళ్ళారో పరలోకానికి వెళ్ళారో ఎదుటివాళ్ళు మన ముఖం చూసి గ్రహించాలి. ఈమెయిలుకు ముఖం ఉండదు.

పైగా మేము విశ్వాసులం. మా కూడికల్లో ఇక్కడ అంటే ఈ లోకం, అక్కడ అంటే ఆ లోకం. ఆదిలో తోటలో దాక్కున్న మనిషిని దేవుడు అడిగిన ప్రశ్న ఎక్కడున్నావనే. ఖాళీ సమాధి దగ్గర దూత చెప్పింది, ఆయన ఇక్కడ లేడనే. ఇన్నేళ్ళు ఇవన్నీ విని కూడా, చోటు గురించిన మాటను ఎంత జాగ్రత్తగా రాయాలో నాకు తట్టలేదు.

ఇప్పుడు పెద్దమ్మ సంగతి చెప్పాలి.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. బాపట్లలో ఒకప్పుడు మిషన్‌వాళ్ళ చిన్న ఆసుపత్రి ఒకటి ఉండేది. పెద్దమ్మ అందులో ఆయా. అక్కడికి ఒక చలి దేశం నుంచి నర్సు వచ్చింది. అందరూ మిస్సమ్మ అనేవాళ్ళు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. మిస్సమ్మకు తెలుగు సరిగా రాదు, పెద్దమ్మకు ఇంగ్లీషు అసలు రాదు, అయినా ఇద్దరూ రోజంతా మాట్లాడుకుంటూనే ఉండేవాళ్ళట.

పెద్దమ్మకు ఒక్కతే కూతురు. నాలుగేళ్ళ పిల్ల. విషజ్వరం వచ్చింది. మిస్సమ్మ మంచం పక్కనుంచి కదలకుండా చేయగలిగిందంతా చేసింది. పిల్ల దక్కలేదు. సమాధి చేసిన మర్నాడు మిస్సమ్మ పరామర్శకు ఇంటికొస్తే, పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, "ఇంకెప్పుడూ ఇక్కడికి రాకు" అంది. మిస్సమ్మ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆరు నెలలకు దేశమే విడిచి వెళ్ళింది.

అప్పటినుంచి పెద్దమ్మ ప్రభువు బల్ల తీసుకోలేదు. రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి అందరూ మోకరించేవేళ ఆమె చివరి బెంచీలో కూర్చుండిపోయేది. బల్ల దగ్గరకు వచ్చేముందు, నీమీద నొచ్చుకున్న మనిషితో సమాధానపడి రమ్మని ఆజ్ఞ ఉంది కదా అనేది. "దేవుడు తీసుకున్నదానికి నేను ఆ నర్సు పిల్లని తిట్టానే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెయ్యి చాపను?" వచ్చిన ప్రతి అయ్యగారూ నచ్చజెప్పి చూశారు. ఉత్తరం రాస్తానని నేనెన్నోసార్లు అడిగాను. "నోటితో అన్నమాట. నోటితోనే తీసుకోవాలి" అనేది. యాభై ఏళ్ళు దాటిపోయాయి.

మూడేళ్ళ కిందట పెద్దమ్మ మోకాళ్ళు మొరాయించాయి. ఒక్కతే ఉండలేని పరిస్థితి వచ్చి, రేపల్లెలో ఉన్న మా అక్క తన దగ్గరికి తీసుకెళ్ళింది. మన వరసల్లో చెల్లెలి కూతురు కూతురే కాబట్టి పెద్దమ్మ కూతురింటికి వెళ్ళిందనే అందరం అన్నాం. సంఘమంతా బాపట్ల స్టేషనుకు వచ్చి, ప్రార్థన చేసి, పాటలు పాడి సాగనంపింది.

పోయిన డిసెంబరులో సంఘానికి ఒక ఈమెయిలు వచ్చింది. రాసింది మిస్సమ్మ. ఎనభై దాటాయి. కళ్ళు సరిగా కనబడవు కనుక తను చెబుతుంటే మేనకోడలు టైపు చేస్తోంది. ఫిబ్రవరిలో ఇద్దరూ కలిసి ఇండియా వస్తున్నారు, ఒక శనివారం పొద్దున బాపట్లలో ఆగుతారు. చివర ఒక ప్రశ్న: తన ప్రియమైన సహోదరి, ఆసుపత్రి ఆయా, ఇంకా అక్కడే ఉన్నదా?

నేను మోకరించి దేవునికి స్తోత్రం చెప్పాను. తరువాత జవాబు రాశాను. ఆ ప్రశ్నలోని అక్కడ అంటే బాపట్ల. పెద్దమ్మ బాపట్లలో లేదు. కనుక, "షీ ఈజ్ నాట్ దేర్" అని మొదలుపెట్టాను. మూడేళ్ళ కిందట మమ్మల్ని విడిచి వెళ్ళిందని రాశాను. చాలా ప్రశాంతంగా వెళ్ళిందనీ, సంఘమంతా చేరి పాటలు పాడి పంపించామనీ రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు.

వారానికి మిస్సమ్మ జవాబు వచ్చింది. చదివి చాలాసేపు ఏడ్చానంది. పాపం, బాపట్లలో కనబడదని బాధపడుతోంది అనుకున్నాను. ఇప్పుడు ఆమె తన కూతురి దగ్గర ఉందనే తలంపే తనకు ఓదార్పు అంది. రేపల్లెలో కూతురి దగ్గరున్నట్టు ఈమెకు ఎవరు చెప్పారా అని ఆశ్చర్యపోయి, పరిశుద్ధాత్మ బయలుపరచి ఉంటాడని సరిపెట్టుకున్నాను. వెంటనే రాశాను. మీరన్నది నిజం, షీ ఈజ్ దేర్ విత్ హర్ డాటర్. అక్కడ ఆమె ఎంతో సంతోషంగా ఉంది. అక్కడికి వెళ్ళాక షుగరూ లేదు, బీపీ లేదు. రోజూ మీకోసం ఎదురుచూస్తోంది. ఆలస్యం చేయకుండా త్వరగా రమ్మంటోంది.

ఎనభై దాటిన మనిషికి నేను రాసింది ఇది.

దీనికి జవాబు తొందరగా రాలేదు. నేను రేపల్లె వెళ్ళి పెద్దమ్మకు మిస్సమ్మ వస్తోందని చెప్పాను. పెద్దమ్మ లేచి, ట్రంకు పెట్టెలోంచి తెల్ల చీర తీసి, గంజి పెట్టమని అక్కకిచ్చింది.

శుక్రవారం పొద్దున, మిస్సమ్మ రావడానికి ముందురోజు, తెనాలి మార్కెట్లో వంకాయలు ఏరుతున్నాను. ఫోన్ మోగింది. ఈమెయిలు. విమానం ఎక్కేముందు పంపారు. నీ విశ్వాసం నన్ను సిగ్గుపరిచింది, అని రాసింది మిస్సమ్మ. త్వరలో నేను కూడా అక్కడికి వెళ్ళవలసినదాన్నే, భయపడను. అంతకంటే ముందు నా సహోదరి నిద్రిస్తున్న చోట పువ్వులు పెట్టి మోకరించాలని ఉంది.

నిద్ర దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఇంగ్లీషు ఎంత వచ్చినా నాకు తట్టేది కాదేమో, వాక్యం విని పెరిగినదాన్ని కనుక తట్టింది. విశ్వాసులు చనిపోరు, నిద్రిస్తారు. మా సమాధి రాళ్ళన్నిటి మీదా అదే మాట. నేను రాసిన రెండు ఉత్తరాలూ మనసులో మళ్ళీ చదువుకున్నాను. వంకాయలు బుట్టలోనే వదిలేశాను.

"ఏమ్మా, కాటా వెయ్యనా వద్దా?" అంది కూరగాయలమ్మ.

"మా పెద్దమ్మని చంపేశానమ్మా" అన్నాను.

ఆవిడ తూకపు రాయి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అక్కడే నిలబడి, "షీ ఈజ్ అలైవ్" అని మూడుసార్లు రాసి పంపాను. జవాబు లేదు, ఆకాశంలో ఉన్నారు. అయ్యగారికి ఫోన్ చేశాను. ఆయన బదిలీ మీద వచ్చి రెండు నెలలే అయింది, పెద్దమ్మను ఎప్పుడూ చూడలేదు.

"కంగారుపడకండి టీచరుగారూ, అన్నీ ఏర్పాటు చేశానండి. ఆ మేనకోడలు గారు నాకు విడిగా రాశారు, జ్ఞాపకార్థ కూడిక పెట్టమని. సంఘంలో ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా నేనే ఫ్లెక్సీ కూడా వేయించానండి."

"అయ్యగారూ, పెద్దమ్మ బతికే ఉందండి."

"అవునండి. ప్రభువునందు మనమంతా బతికేవాళ్ళమే కదండి."

"అలా కాదండి. రేపల్లెలో బతికుంది. పొద్దున ఇడ్లీ తింది."

"ఫ్లెక్సీ వచ్చేసిందండీ" అన్నారు ఆయన, చిన్న గొంతుతో. నేను పంపిన ఈమెయిలు సంగతి చెబితే ఆయన నిట్టూర్చారు. "సజీవురాలు అనేది మనం సమాధి దగ్గర కూడా అంటామండి. ఆవిడ చదివినా అట్టాగే అనుకుంటుంది."

అక్కకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఫోన్ పెద్దమ్మ లాక్కుంది.

"ఏంటే, నన్ను చంపావంటగా?"

"తప్పైపోయింది పెద్దమ్మా."

"ఏం రోగంతో పోయానంటా?"

"అది రాయలేదు. ప్రశాంతంగా పోయావన్నాను."

"పోనీలే, అదన్నా రాశావు" అంది. "ఇప్పుడు అది సమాధులకాడికి పోయి ఏడ్చి, అటునుంచి అటే వెళ్ళిపోతే నా మాట ఏంగాను? రేపు పొద్దున బండికి నేనొస్తన్నా. నా కూడికకి నేను రాకపోతే ఎట్టా?"

శనివారం తెల్లవారాక అక్క ఆమెను రేపల్లెలో ప్యాసింజరు ఎక్కించి తనూ వచ్చింది. తెనాలిలో దింపి, బాపట్ల వైపు బండి ఎక్కించేసరికి నేనూ కలిశాను. గంజి పెట్టిన చీర ఫెళఫెళమంటోంది. చుండూరు దాటాక, ఎదుటి సీట్లో కూర్చున్న పెద్దమనిషి పలకరించాడు.

"ఇంత పొద్దున్నే ఎక్కడికండి మామ్మగారూ?"

"జ్ఞాపకార్థ కూడికకి బాబూ."

"అయ్యో. ఎవరు పోయారండి?"

"నేనే."

ఆయన నావైపు చూశాడు. నేను కిటికీలోంచి మినుము చేలవైపు చూశాను. నిడుబ్రోలులో ఆయన లేచి వేరే పెట్టెలోకి వెళ్ళాడు. "సీటు ఖాళీ అయిందిలే, కాళ్ళు చాపుకుంటా" అంది పెద్దమ్మ.

గుడి గుమ్మం మీద ఫ్లెక్సీ అలాగే ఉంది. తీయడానికి నిచ్చెన దొరకలేదట. ప్రభువునందు నిద్రించిన అని పెద్దమ్మ పేరు, కింద పావురాలు, మధ్యలో నా ఫొటో. స్త్రీల సమాజం పాత గ్రూపు ఫొటోలో నా పోలిక కనబడితే, అది పెద్దమ్మేననుకుని అయ్యగారు కత్తిరించి వేయించారు. పెద్దమ్మ ఆటో దిగి, తలెత్తి చూసి, "నన్ను చంపితే చంపారు, దీని మొహం పెట్టటం ఏంటి?" అంది. అయ్యగారు రెండు చేతులూ జోడించారు.

ఇప్పుడు అసలు భయం వేరే ఉంది. పోయిందనుకున్న మనిషి ఎదురుగా వస్తే ఎనభై ఏళ్ళ గుండె తట్టుకుంటుందా? ఇద్దరం, అయ్యగారూ నేనూ, ప్రార్థన చేసి ఒక నిర్ణయానికి వచ్చాం. పెద్దమ్మ అయ్యగారి గదిలో కూర్చోవాలి. మిస్సమ్మ రాగానే నేను నెమ్మదిగా, ఇంగ్లీషులో, విషయం చెప్పాలి. ఆ తరువాత తలుపు తీయాలి.

పది గంటలకు కారు వచ్చింది. పలచటి తెల్ల జుట్టు, చేతికర్ర, ఒంటిమీద మన నేత చీరే, ఎప్పటిదో. మేనకోడలు చేతిలో పెద్ద పువ్వుల చక్రం. సంఘం లేచి నిలబడింది. మిస్సమ్మ ఫ్లెక్సీ చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫ్లెక్సీ చూసి, నా చెంప తడిమి చూసింది. ముందు బెంచీలో కూర్చోబెట్టి, ఆమె ముందు మోకరించాను.

"మేడమ్, షీ ఈజ్ దేర్" అని అయ్యగారి గది వైపు చెయ్యి చూపించాను.

మిస్సమ్మ కళ్ళు పైకెత్తి, ఇంటికప్పు దాటి ఎక్కడికో చూసింది. "యెస్, షీ ఈజ్ దేర్" అంది, ఎంతో నెమ్మదిగా.

"నో మేడమ్. నాట్ దేర్. దేర్!"

ఆమె నా చెయ్యి పట్టుకుని నిమిరింది. నా విశ్వాసం సన్నగిల్లుతోందని జాలిపడుతున్నట్టుంది. మేనకోడలు నాకు రుమాలు ఇచ్చింది. దేర్ వదిలేసి ఇంకో మాట పట్టుకున్నాను.

"నాట్ దేర్ మేడమ్! హియర్! షీ ఈజ్ హియర్!"

"యెస్" అంది మిస్సమ్మ. కళ్ళు మూసుకుని, అరచెయ్యి గుండెమీద పెట్టుకుంది. "హియర్. ఆల్వేస్ హియర్."

వెనక బెంచీలోంచి ఎవరో "హల్లెలూయా" అన్నారు. నేను ప్రార్థన నడిపిస్తున్నాననుకుని నలుగురైదుగురు మోకరించారు కూడా. బైబిల్లో భాషలు తారుమారైన గోపురం దగ్గర ఇటుకలు అందించిన కూలీకి ఎలా ఉండి ఉంటుందో నాకు ఆ క్షణాన తెలిసింది.

అప్పుడు గదిలోంచి కేక వినబడింది. "ఏమేవ్, చెప్పావా లేదా? మోకాళ్ళు లాగేస్తన్నాయి ఇక్కడ!"

మిస్సమ్మ కళ్ళు తెరుచుకున్నాయి. ఆ గొంతు ఎవరిదో నేను చెప్పవలసిన పని లేకపోయింది. తలుపు తోసుకుని, గోడ పట్టుకుని, పెద్దమ్మ బయటికి వచ్చింది.

మేము భయపడినట్టు మిస్సమ్మ పడిపోలేదు. లేచి, కర్ర వదిలేసి ఎదురువెళ్ళి, పెద్దమ్మ మణికట్టు పట్టుకుని, రెండో చేతి గడియారం కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, నాడి లెక్కపెట్టింది. లెక్క అయ్యాక, యాభై ఏళ్ళుగా ఎక్కడ దాచిపెట్టుకుందో, తెలుగులో అంది.

"నొప్పి ఎక్కడమ్మా? ఇక్కడా? ఇక్కడా?"

"అంతటా ఉంది గానీ, నువ్వేంటే ఇంత ముసలిదానివైపోయావు?" అంది పెద్దమ్మ. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకున్నారు. అంతసేపు పట్టుకుంటే ఇద్దరికీ కాళ్ళు ఆగవని అక్క బెంచీ జరిపింది.

పెద్దమ్మ కూర్చోలేదు. "ముందు నా మాట చెప్పు దానికి" అంది నాతో. "ఆ రోజు గుమ్మంలో రాకు అన్నాను. పిల్ల పోయిన మంటలో అన్నాను. ఆ మాట తీసుకుంటన్నా. క్షమించమన్నానని చెప్పు. ఏ ముక్కా వదలొద్దు."

చెప్పాను. నా జీవితంలో ఇంత జాగ్రత్తగా ఇంగ్లీషు మాట్లాడలేదు. మిస్సమ్మ వింటూ వింటూ తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టింది. పెద్దమ్మ అలా అనలేదంది. ఆ గుమ్మం, ఆ మాట తనకు బాగా గుర్తంది. "ఇక్కడికి రా" అంది, ఒక్కో అక్షరం విడగొట్టి. రా అంటే రమ్మనడమని అప్పటికే తనకు తెలుసంది. తల్లి దుఃఖంలో తనను లోపలికి రమ్మని పిలిచిందట. పిల్లను బతికించలేకపోయిన ముఖంతో ఆ ఇంట్లోకి అడుగుపెట్టలేక, భయపడి, వెనక్కి వెళ్ళిపోయిందట. పిలిచినా వెళ్ళలేదే అన్న బాధతో దేశం విడిచిందట. ఇన్నేళ్ళకు సమాధి దగ్గరైనా క్షమాపణ అడగాలని వచ్చిందట.

చివరి ఒక్క అక్షరం. కు. అది ఆమె చెవిన పడలేదు.

అబద్ధ సాక్ష్యం పలకకూడదు కనుక ఉన్నదున్నట్టు పెద్దమ్మకు చెప్పాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"రా అనటమేంటి! రాకు అన్నాను. గట్టిగా అన్నాను. పక్కింటోళ్ళు కూడా విన్నారు."

మిస్సమ్మకు చెప్పాను. "నో, నో. రా" అంది ఆమె, చిన్నగా నవ్వి.

"రాకు!"

"రా."

"తిట్టానని నేనే ఒప్పుకుంటంటే తిట్టలేదంటదేంటే? యాభై ఏళ్ళు బల్లకి దూరంగా కూర్చున్నానే ఆ మాటకి! అది ఊరికే పోయిందా? క్షమించానని చెప్పమను."

చెప్పాను. క్షమించడానికి ఏమీ లేదంది మిస్సమ్మ. నువ్వే నన్ను క్షమించాలంది. ఆ మాట తెలుగులో చెబితే పెద్దమ్మ అరచేత్తో బెంచీ మీద కొట్టింది. "ఏమీ లేకపోవటమేంటి?" సంఘంలో కూడా రెండు పక్షాలైపోయాయి. ముసలావిడ అన్నానంటుంటే అన్నట్టే కదా అని కొందరు, విన్న మనిషి మాటే లెక్క అని కొందరు. పువ్వుల చక్రం పట్టుకున్న మేనకోడలు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అయ్యగారి వైపు చూస్తోంది. ఆయన గోడవైపు చూస్తున్నారు.

పెద్దమ్మ బెంచీలో కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. కోపంతో మొదలైన ఏడుపు కోపంగా ఉండలేదు. "ఒక్క మాట అనటానికి ఏం పోయిందే దీనికి" అంటోంది. నేను అనువదించబోయాను. మిస్సమ్మ చెయ్యి ఎత్తి నన్ను ఆపింది. బెంచీలో పెద్దమ్మ పక్కన కూర్చుని, ఆమె జబ్బ మీద, సూది వేసిన చోట రుద్దినట్టు, బొటనవేలితో మెల్లగా రుద్దింది.

"అయిపోయిందమ్మా" అంది. "అయిపోయింది. అయిపోయింది."

ఆ వార్డులో సూది వేయించుకున్న ప్రతి పిల్లకూ ఆమె చెప్పిన మాట అదే అయ్యుంటుంది. పెద్దమ్మ ఆ వేలినీ, ఆ ముఖాన్నీ చూసింది. "అయిపోయిందా?" అని అడిగింది. "అయిపోయింది" అంది మిస్సమ్మ. నన్నెవరూ ఏమీ అడగలేదు.

కొంగుతో ముక్కు తుడుచుకుని, పెద్దమ్మ అయ్యగారిని పిలిచింది.

"అయ్యా, ఇవ్వాళ బల్ల ఉందా?"

"ఇవ్వాళ శనివారం కదండి మామ్మగారూ. రేపు ఆరాధనలో ఉందండి. రేపు తీసుకుందురుగాని."

"రేపటిదాకా ఎందుకయ్యా? ఫ్లెక్సీ కూడా కట్టేశారుగా."

అయ్యగారు గదిలోకి వెళ్ళి రొట్టె, గిన్నె తెచ్చారు. పెద్దమ్మకు మోకాళ్ళు వంగవు కనుక కూర్చునే రెండు చేతులూ చాపింది. మిస్సమ్మ కూడా పక్కనే చాపింది. ఆ నాలుగు చేతుల్లో ఏది ఎవరిదో చూసుకుని, అయ్యగారు ముందు పెద్దమ్మ చేతిలో పెట్టారు.